ముందుగా చేసిపెట్టుకునే బంగాళాదుంప వంటలు: ఇంట్లో నలుగురికీ నలభై మందికీ వండేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో గృహప్రవేశమైనా, సీమంతమైనా, పండక్కి చుట్టాలు దిగినా ఇంటివాళ్ళే గరిటె పట్టుకునే ఇళ్ళు ఇప్పటికీ చాలానే ఉన్నాయి. ఆ వంటల్లో బంగాళాదుంపకు పెద్దపీట. పిల్లలూ పెద్దలూ పేచీ లేకుండా తింటారు, ఏ సంతలోనైనా దొరుకుతుంది, ఏ మసాలాతోనైనా కలిసిపోతుంది. చిక్కంతా ముందు రోజు ఏ పని చేసుకోవచ్చు, ఏది చేసుకోకూడదు అన్న దగ్గరే వస్తుంది. అడిగేవారు మారినా అనుమానాలు మాత్రం అవే కాబట్టి, జవాబులను పని జరిగే వరుసలో ఇక్కడ ఒకచోట చేర్చాను. ఎవరికి కావలసిన ప్రశ్న వారు నేరుగా చదువుకోవచ్చు.

ముందుగా చేసుకోవడమంటే కూర మొత్తం ముందు రోజే వండి మూతపెట్టడం అని నేను అనుకోను. దుంప వేరుగా, మసాలా వేరుగా సిద్ధం చేసుకుని, వడ్డనకు గంట ముందు రెండింటినీ కలపాలి. కోస్తా ఉక్కపోతకు తట్టుకునే పద్ధతి ఇదే.

## సరుకు తెచ్చేటప్పుడు

50 మందికి ఎన్ని కిలోల బంగాళాదుంపలు కావాలి?

అది వంటకాన్ని బట్టి ఉంటుంది. పూరీ కూరకు తలకు 120 గ్రాముల లెక్కన 6 కిలోల దుంపలు, రెండున్నర కిలోల ఉల్లిపాయలు సరిపోతాయి. కుర్మాకు పక్కన మరో కూర ఉంటే 5 కిలోలు చాలు, అదొక్కటే అయితే 7 కిలోలు తెచ్చుకోండి. భోజనంలోకి వేపుడైతే 5 కిలోలకు తగ్గకూడదు. నూనెలో వేగాక దుంప బరువు దాదాపు సగానికి పడిపోతుంది, తపేలా నిండా కోసిన ముక్కలు చివరికి సగం తపేలాకే వస్తాయి. బోండాలకు కిలో దుంపతో, అందులో కలిపే ఉల్లిపాయతో నిమ్మకాయంత ఉండలు 30 దాకా అవుతాయి. మనిషికి రెండు చొప్పున 100 బోండాలంటే మూడున్నర కిలోల దుంప, కిలోంబావు శనగపిండి.

తొక్క కింద, చెడ్డవాటి కింద పదో వంతు పోతుందని ముందే లెక్కలో వేసుకోండి. కిలోకు 10 లేదా 12 తూగే దుంపలను, అన్నీ ఒకే సైజులో ఉండేలా ఏరుకోవడం మరీ ముఖ్యం. చిన్నా పెద్దా కలిపి ఉడికిస్తే చిన్నవి చితికిపోతాయి, పెద్దవి లోపల పచ్చిగా మిగులుతాయి.

ఏ దుంప కూరకు బాగుంటుంది, ఏది వేపుడుకు?

మన రెండు జిల్లాల్లో దుంప పెద్దగా పండదు. ఆగ్రా వైపు నుంచో, కర్ణాటక నుంచో వచ్చిన సరుకే కొనుక్కుంటాం. రకాల్లో కుఫ్రీ జ్యోతి అన్నిటికీ పనికొస్తుంది. లోపల పసుపు రంగుండే కుఫ్రీ పుఖ్రాజ్‌లో నీరు ఎక్కువ, పిండి తక్కువ. ముక్క చెదరదు కాబట్టి కుర్మాకు, పులుసుకు మంచిది. కరకరలాడే వేపుడుకు పిండి ఎక్కువున్న దుంప కావాలి.

కొట్టువాడికి రకం పేరు తెలియకపోతే ఇంట్లోనే చూసుకోవచ్చు. ఒక కప్పు ఉప్పు 11 కప్పుల నీళ్ళలో కరిగించి దుంపను వేయండి. మునిగితే పిండి దుంప, తేలితే నీటి దుంప. బస్తా కొనేముందు రెండు దుంపలు తెచ్చి ఇలా పరీక్షించుకుంటే వేపుడు మెత్తబడిందన్న బాధ ఉండదు.

వేపుడు చేస్తే నల్లబడుతోంది, దుంప తియ్యగా ఉంది. ఎందుకు?

అది శీతల గిడ్డంగి సరుకు. ఉత్తరాదిలో జనవరి నుంచి మార్చి దాకా తవ్విన దుంపను గిడ్డంగుల్లో పెట్టి ఏడాది చివరిదాకా అమ్ముతారు. బాగా చల్లటి చోట దుంపలోని పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది. ఆ చక్కెరే నూనెలో త్వరగా మాడి నలుపు తెస్తుంది, చేదు కూడా తగిలిస్తుంది. కార్తీక మాసం నాటికి దొరికేది చాలావరకు ఇలాంటి పాత సరుకే. కొన్నాక వారం పది రోజులు గాలి తగిలే నీడ చోట పరిచి ఉంచితే తీపి కొంత తగ్గుతుంది. అంత వ్యవధి లేకపోతే ఆ దుంపతో కూరో కుర్మానో చేయండి, వేపుడు ఆలోచన మానుకోండి. సంక్రాంతి నాటికి కొత్త దుంప వస్తుంది, దానికి ఈ బెడద ఉండదు.

తెచ్చిన దుంపలు ఫ్రిజ్‌లో పెట్టవచ్చా?

పచ్చి దుంప పెట్టకూడదు. ఇంట్లో ఫ్రిజ్ చలికి కూడా దుంప తీపెక్కుతుంది. గోనెపట్టా మీద చీకటి మూల పరచండి. ఉల్లిపాయల బుట్టను దూరంగా పెట్టండి, రెండూ కలిసి ఉంటే త్వరగా మొలకలొస్తాయి. ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి ఉంచితే చెమ్మకు రెండు రోజుల్లో కుళ్ళు మొదలవుతుంది.

ఆకుపచ్చగా ఉన్నచోట చెక్కేసి వాడవచ్చా?

వెలుతురు తగిలి ఆకుపచ్చబడిన దుంపలో సొలనిన్ అనే విషపదార్థం పెరుగుతుంది, ఉడికించినా అది పోదు. చిన్న మచ్చ అయితే చుట్టూ లోతుగా కోసి తీసేయవచ్చు. సగానికి పైగా పచ్చబడినదాన్ని, చేదుగా ఉన్నదాన్ని పారేయండి. పదిమందికి పెట్టే వంటలో ఒక్క దుంప దగ్గర పొదుపు చేయవద్దు.

## వారం నుంచి మూడు రోజుల ముందు

ముందే చేసి దాచుకోదగ్గ పనులు ఏమున్నాయి?

మసాలా పొడి వారం ముందే కొట్టుకోండి. 6 కిలోల దుంపకు 100 గ్రాముల ధనియాలు, 25 గ్రాముల జీలకర్ర, గుప్పెడు సోంపు, తగినంత లవంగం, చెక్క, యాలకులు దోరగా వేయించి, పూర్తిగా ఆరాకే పొడి చేయాలి. వేడిమీద డబ్బాలో పోస్తే మూతకు చెమ్మ పట్టి పొడి ఉండలు కడుతుంది. అల్లం వెల్లుల్లి ముద్దలో కాస్త ఉప్పు, నూనె కలిపితే ఫ్రిజ్‌లో వారం నిలుస్తుంది. పల్లీలు వేయించి పొట్టు తీయడం, పుట్నాల పప్పు పొడి చేయడం, పాత చింతపండు ఈనెలు గింజలు ఏరడం, ఇవన్నీ కూర్చుని చేసే పనులు. ఇంట్లో పెద్దవాళ్ళకు అప్పగిస్తే సంతోషంగా చేస్తారు, వంట రోజున పొయ్యి దగ్గర రద్దీ తగ్గుతుంది.

ఉల్లిపాయ మసాలా ముద్ద మూడు రోజుల ముందే వేయించుకోవచ్చా?

నిక్షేపంగా వేయించుకోవచ్చు. అసలు ఈ ఒక్క పని ముందే అయిపోతే సగం వంట అయినట్టే. రెండున్నర కిలోల ఉల్లిపాయలు సన్నగా తరిగి, అర లీటరుకు తక్కువ కాకుండా నూనె పోసి, అడుగు మందంగా ఉన్న మూకుడులో సన్నటి సెగ మీద వేయించండి. మొదట నీరు ఊరి మెత్తబడతాయి. ఆ నీరంతా ఇగిరేదాకా తొందరపడకూడదు. తర్వాత అంచులు బంగారు రంగు తిరుగుతాయి, గరిటెతో పక్కకు జరిపితే ఖాళీ అయిన చోట నూనె విడిగా నిలుస్తుంది. అప్పుడు అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, కారం వేసి పచ్చివాసన పోయేదాకా తిప్పి దింపాలి. కూరకు టమాటా కావాలంటే దాన్నీ ఇందులోనే వేసి, నీరు పూర్తిగా ఇగిరేదాకా మగ్గించండి.

చుక్క నీరు కూడా పోయకూడదు. వెడల్పాటి పళ్ళెంలో పరిచి చల్లార్చి, పొడి గరిటెతో పొడి డబ్బాకు ఎత్తుకోండి. ఫ్రిజ్‌లో మూడు రోజులు, డీప్ ఫ్రీజర్‌లో నెల వరకు ఉంటుంది. కొబ్బరి, గసగసాలు, పెరుగు మాత్రం ఇందులో కలపవద్దు. వాటిని వంట రోజునే నూరుకోవాలి.

ఎండాకాలంలో చేసే ఎండు చిప్స్ విందుకు పనికొస్తాయా?

చక్కగా పనికొస్తాయి. ఏప్రిల్, మే ఎండల్లో దుంపను పలుచటి చక్రాలుగా కోసి, ఉప్పు నీళ్ళలో రెండు మూడు నిమిషాలు మరిగించి, గుడ్డ మీద విడివిడిగా పరిచి, విరిస్తే ఫటుక్కున విరిగేదాకా ఎండబెట్టండి. గాలి చొరని డబ్బాలో ఏడాది నిలుస్తాయి. విందు రోజున వడ్డనకు ముందు వేయించుకుంటే పప్పన్నంలోకి పిల్లలు ఎగబడతారు.

## ముందు రోజు

దుంపలు చితికిపోకుండా ఎలా ఉడికించాలి?

తొక్కతోనే, చల్లటి నీళ్ళలో వేసి, నీళ్ళలో ఉప్పు వేసి పొయ్యి మీద పెట్టండి. మరిగే నీళ్ళలో వేస్తే పైభాగం ముందు మెత్తబడి పగులుతుంది, లోపల గట్టిగానే ఉండిపోతుంది. తెరిచిన గుండిగలో మధ్యస్థమైన దుంపకు నీరు మరిగాక 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది. కత్తిమొన గుచ్చితే దిగాలి, ఎత్తినప్పుడు దుంప మెల్లగా జారిపోవాలి. వెంటనే నీరు వంచేసి పళ్ళేల మీద పరచండి. నీళ్ళలోనే వదిలేస్తే ఉడుకుతూనే ఉంటాయి, నీరు పీల్చుకుంటాయి. గోరువెచ్చగా ఉండగానే తొక్క తేలిగ్గా వస్తుంది. ముక్కలు మాత్రం పూర్తిగా చల్లారాకే కోయండి. చల్లారేకొద్దీ లోపలి పిండి గట్టిపడి ముక్క అంచు నిలుస్తుంది.

కుక్కర్‌లో అయితే ఎన్ని విజిళ్ళు?

10 లీటర్ల కుక్కర్‌లో మూడు కిలోల దాకా పడతాయి, మూడింట రెండు వంతులకు మించి నింపకూడదు. కుర్మా ముక్కలకైతే రెండు విజిళ్ళు చాలు. బోండాలకు, పూరీ కూరకు మూడు. ఆవిరి దానంతట అది పోయేదాకా ఆగండి. 6 కిలోలకు మించితే కుక్కర్ వాయిలు పెట్టుకుంటూ కూర్చోవడం కంటే అద్దెకు గుండిగ తెచ్చుకోవడం మేలు.

ఉడికించిన దుంపలు రాత్రంతా బయట ఉంచితే ఏమవుతుంది? మా అమ్మవాళ్ళు ఉంచేవారు.

ఉంచవద్దు. ఈ విషయంలో నేను మెత్తగా చెప్పలేను. 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య వేడిలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. తేమ, పిండిపదార్థం రెండూ ఉన్న ఉడికిన దుంప వాటికి మంచి నెలవు. వండిన పదార్థం రెండు గంటలకు మించి బయట ఉండకూడదు, గది వేడి 32 డిగ్రీలు దాటితే గంటే గడువు. ఒంగోలులోనో కావలిలోనో మే నెల రాత్రి తొమ్మిదింటికి వంటింట్లో ఎంత ఉడుకు ఉంటుందో మీకే తెలుసు.

మళ్ళీ మరిగిస్తే సరిపోతుంది కదా అని చాలామంది అనుకుంటారు. సరిపోదు. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు మొదటిసారి ఉడికించినప్పుడు చావవు. బయట ఉన్న గంటల్లో అవి మొలకెత్తి, పెరిగి, విషాన్ని విడుస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మరిగించినా పోదు. వాసన బాగుంది, రంగు మారలేదు అన్నది నమ్మకం కాదు.

ఏం చేయాలంటే, ఉడకగానే పళ్ళేల మీద ఒకే వరుసగా పరిచి ఫ్యాను కింద పెట్టండి. ఆవిరి పోయి చేతికి చల్లగా తగలగానే మూత ఉన్న గిన్నెల్లో ఫ్రిజ్‌లోకి చేర్చండి. అలా మూడు రోజుల దాకా బాగుంటాయి.

ఫ్రిజ్‌లో అంత చోటు లేదు. అప్పుడెలా?

ముందు రోజు సాయంత్రం ఫ్రిజ్‌లోని నీళ్ళ సీసాలు, కూరగాయలు బయట పెట్టేయండి, ఒక్క రోజుకు వాటికేమీ కాదు. లోతైన గిన్నెల కంటే వెడల్పాటి పళ్ళేలు మేలు, దుంప త్వరగా చల్లబడుతుంది. పక్కింటివాళ్ళ ఫ్రిజ్‌లో ఒక అర అడిగితే ఎవరూ కాదనరు. ఏదీ కుదరకపోతే ముందు రోజు ఉడికించడం మానేసి తెల్లవారుజామున నాలుగింటికి గుండిగ పెట్టుకోండి. ఆరింటికల్లా దుంపలు సిద్ధం, ఏ భయమూ ఉండదు.

పచ్చి దుంప ముక్కలు కోసి రాత్రే నీళ్ళలో వేసి ఉంచవచ్చా?

ఫ్రిజ్‌లో పెట్టగలిగితే వేయవచ్చు. గాలి తగిలితే ముక్క గోధుమరంగుకు తిరుగుతుంది, నీటిలో పూర్తిగా మునిగి ఉంటే తిరగదు. ఉదయాన్నే నీరు మార్చి, గుడ్డ మీద ఆరబెట్టాలి. వేపుడుకు ఇది మంచిదే కూడా, ముక్క మీది పిండి కడుక్కుపోయి ఒకదానికొకటి అంటుకోవు. కూరకైతే ఈ శ్రమ అనవసరం.

వేపుడు ముందు రోజే చేస్తే మెత్తబడదా?

పూర్తిగా చేస్తే మెత్తబడుతుంది, సగం చేస్తే పడదు. ముక్కలను ఉప్పు, పసుపు వేసిన నీళ్ళలో నాలుగైదు నిమిషాలు మరిగించి, చిల్లుల పళ్ళెంలో వంచి, నూలుగుడ్డ మీద తడి లేకుండా ఆరనివ్వండి. మధ్యస్థమైన వేడి నూనెలో రంగు రాకుండా, పైన పలుచటి పొర కట్టేదాకా వేయించి తీసేయండి. చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు వడ్డనకు పావుగంట ముందు బాగా కాగిన నూనెలో రెండు నిమిషాలు వేయిస్తే లేత బంగారు రంగుతో కరకరలాడతాయి. ఆ రంగు దగ్గరే ఆపండి, ముదురు గోధుమ రంగు దాకా పోనివ్వవద్దు.

ఉప్పు, కారం, దంచిన వెల్లుల్లి, కరివేపాకు, వేయించిన పల్లీలు నూనెలోంచి తీశాక వేడిమీద కలపాలి. కారం ముందే కలిపి ఉంచితే ఉప్పుకు నీరూరి ముక్క చల్లబడేలోపే మెత్తబడుతుంది.

బోండా ఉండలు ముందు రోజు చుట్టుకోవచ్చా?

చుట్టుకోవడమే మంచిది. మెదిపిన దుంపలో పచ్చి ఉల్లిపాయ కలపవద్దు, రాత్రంతా నీరు కారుతుంది. వేయించి, నీరు ఇగిరాక కలపండి. ఉండలు పళ్ళెంలో పేర్చి, ఫ్రిజ్‌లో మొదటి గంటా మూత లేకుండా ఉంచితే పైన ఆరి గట్టిపడతాయి, పిండి బాగా పట్టుకుంటుంది. శనగపిండి జారు మాత్రం వేసేముందే కలుపుకోవాలి. నాలుగు వంతుల శనగపిండికి ఒక వంతు బియ్యప్పిండి, చిటికెడు సోడా.

ఫ్రీజర్‌లో పెట్టి వారం తర్వాత వాడవచ్చా?

ఉడికిన ముక్కలు వద్దు. గడ్డకట్టి కరిగాక నీరు వదిలి గరుగ్గా, పీచుగా అవుతాయి. నూనె లేదా వెన్న కలిపి మెదిపిన ముద్ద ఫర్వాలేదు. కట్లెట్లు, సమోసా ఉండలు నెల దాకా బాగుంటాయి. కుర్మా, పులుసు లాంటివి ఫ్రీజర్‌కు పెట్టనేవద్దు.

అయ్యప్ప స్వాములకు భిక్ష పెడుతున్నాం. ముందు రోజు ఉడికించిన దుంప వాడవచ్చా?

వాడకూడదు. దీక్షలో ఉన్న స్వాములకు నిల్వ పదార్థం పెట్టరు, తలస్నానం చేసి ఆ పూట వండినదే పెట్టాలి. తద్దినాలకూ ఇదే నియమం, కొన్ని ఇళ్ళలో ఆ రోజు బంగాళాదుంపే వండరు, పెద్దవాళ్ళను అడిగి చేయండి. కాబట్టి ముందు రోజు పొయ్యి ఎక్కని పనులే చేసుకోవాలి. దుంపలు కడిగి సైజుల వారీగా వేరు చేయడం, కొబ్బరికాయలు పీచు తీసి ఉంచడం, మిరియాలు, జీలకర్ర ఏరి పెట్టడం.

ఉల్లి, వెల్లుల్లి లేని కుర్మా చప్పగా ఉంటుందన్న బెంగ అక్కర్లేదు. అల్లం, పచ్చిమిర్చి కాస్త ఎక్కువ వేసి, నూనెలో ఇంగువ, సోంపు చిటపటలాడించి, టమాటాలు బాగా మగ్గించి, 5 కిలోల దుంపకు రెండు కొబ్బరికాయలు, 100 గ్రాముల పుట్నాల పప్పు, 50 గ్రాముల గసగసాలు నూరి పోయండి. చిక్కదనానికి చిక్కదనం, కమ్మదనానికి కమ్మదనం.

## వంట రోజు

పూరీ కూర చివరి గంటలో ఎలా కలపాలి? 50 మందికి కొలతలు చెప్పండి.

ముందే వేయించిన ఉల్లి మసాలా ఫ్రిజ్‌లోంచి నేరుగా పెద్ద గుండిగలోకి వేసి వేడి చేయండి. ఇంకో పొయ్యి మీద 4 లీటర్ల నీళ్ళు మరగనివ్వండి. మసాలాలోంచి నూనె మళ్ళీ పైకి తేలగానే ఆవాలు, మినప్పప్పు, శనగపప్పు, కరివేపాకు విడిగా తాలింపు పెట్టి కలపండి. తాలింపు ముందు రోజుది అయితే పప్పు మెత్తబడి పంటికి తగలదు, అది అప్పటికప్పుడు వేయాల్సిందే.

మరిగే నీళ్ళు పోసి, 100 గ్రాముల శనగపిండిని చల్లటి నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి సన్నటి ధారగా పోస్తూ తిప్పండి. పచ్చివాసన పోవడానికి 10 నిమిషాలు పడుతుంది. అప్పుడు దుంపలు. కత్తితో ముక్కలు కోయవద్దు, చేత్తో నలపండి. సగం చిదిమినట్టు, సగం బొటనవేలంత ముక్కలుగా పడాలి. గరుకుగా విరిగిన అంచులు రసాన్ని పీల్చుకుంటాయి, మెదిగిన భాగం కూరను చిక్కబరుస్తుంది. కత్తితో నున్నగా కోసిన ముక్క రసంలో విడిగా తేలుతూ ఉంటుంది, రుచి లోపలికి దిగదు. కిలో దుంపకు రెండున్నర టీస్పూన్ల చొప్పున ఉప్పుతో మొదలుపెట్టి, పావుగంట కుతకుతలాడాక రుచి చూసి సరిచేసుకోండి. మసాలాలో ముందే ఉప్పు పడి ఉంటే ఆ మేరకు తగ్గించాలి. దింపాక నిమ్మరసం, కొత్తిమీర.

పులుసులో దుంప ఎంతసేపటికీ ఉడకడం లేదు. చింతపండు వల్లేనా?

అవును. పులుపు పడితే దుంపను గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థం త్వరగా కరగదు, ముక్క గట్టిగా నిలిచిపోతుంది. టమాటాతోనూ అంతే. దుంప ఉడికాకే చింతపండు రసం పోయండి. ముందు రోజు ఉడికించిన దుంపతో ఈ గుణమే మనకు అక్కరకు వస్తుంది, పులుసులో ఎంతసేపు కాగినా ముక్క చెదిరిపోదు. నెల్లూరు మొలగొలుకుల అన్నంలోకి ఇలా చేసిన దుంపల పులుసు చాలా బాగుంటుంది.

ఉప్పు ఎక్కువైతే పచ్చి దుంప ముక్కలు వేస్తే లాగేస్తుందంటారు, నిజమేనా?

దుంప ఉప్పును మాత్రమే ఏరి లాగదు. రసంతో పాటే ఉప్పునూ పీలుస్తుంది, మిగిలిన రసం అంతే ఉప్పగా ఉంటుంది. ఉప్పు లేకుండా ఉడికించిన దుంపలు మరికొన్ని మెదిపి కలపండి, కొబ్బరిపాలు గానీ వేడినీళ్ళు గానీ చేర్చండి. అందుకే అరకిలో దుంపలు ఎప్పుడూ పక్కన ఉంచుకోవాలి.

కూర అడుగంటింది. ఇప్పుడేం చేయాలి?

పొయ్యి ఆపండి. గరిటె అడుగుకు తగలనివ్వవద్దు, గీకితే మాడు వాసన కూరంతా పాకుతుంది. పైభాగాన్ని నెమ్మదిగా మరో గిన్నెలోకి తోడుకుని, కొత్త తాలింపు, కాస్త కొబ్బరిపాలు కలపండి.

బోండాలు నూనెలో పగిలిపోతున్నాయి.

లోపలి ముద్దలో తడి ఉంది, లేదా జారు పలుచనైంది. ముద్దలో రెండు చెంచాల పుట్నాల పొడి కలిపి, జారులో ఇంకాస్త శనగపిండి వేయండి. ఫ్రిజ్‌లోంచి తీసిన ఉండలను ఒక్కసారిగా చాలా వేయవద్దు, నూనె చల్లబడి పిండి ఊడిపోతుంది.

పూరీ పిండి రాత్రే కలపవచ్చా?

వద్దు, పులిసినట్టై పూరీలు నూనె పీల్చుకుంటాయి. అరగంట ముందు గట్టిగా కలిపితే చాలు. కిలో పిండికి 40 పూరీల పైన వస్తాయి, 50 మందికి 5 కిలోలు.

## వడ్డన వేళ

రొట్టెల పండుగకు చుట్టాలు ఒక్కసారి రారు, తెల్లవారి నుంచి రాత్రిదాకా విడతలుగా వస్తారు. కూర ఎలా నిలబెట్టాలి?

మొహర్రం నెలలో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాకు వచ్చే జనంతో ఊళ్ళో ఎన్నో ఇళ్ళు నిండిపోతాయి. అలాంటప్పుడు ఒకేసారి పెద్ద గుండిగ వండి రోజంతా వేడి చేస్తూ ఉంటే మూడో విడతకు కూర ముద్దయిపోతుంది, రుచీ పోతుంది. ఉడికిన దుంపలు, ఉల్లి మసాలా రెండూ ఫ్రిజ్‌లోనే ఉంచి, పది పన్నెండు మందికి సరిపడేంత తీసుకుని అప్పటికప్పుడు కలపండి. 20 నిమిషాల పని. ఆఖరున వచ్చినవారికీ మొదటి బంతిలో కూర్చున్నవారికీ ఒకటే కూర అందుతుంది, అదే ఇంటి మర్యాద. శనివారం మాలకొండ నరసింహస్వామి గుడికి వెళ్ళి దారిలో ఆగే బంధువుల విషయంలోనూ ఇదే అనువు.

కార్తీక వనభోజనానికి దుంప కూర తీసుకెళ్ళవచ్చా?

మైపాడుకో కొత్తపట్నానికో సముద్రపు ఒడ్డుకు వెళ్తుంటే రసం ఉన్న కూర వద్దు, కొబ్బరి పడినది అసలే వద్దు. పులిహోర, దుంప వేపుడు మంచి జోడీ. వేపుడు బాగా చల్లారాక, కాగితం పరిచిన డబ్బాలో సర్దండి. వేడిమీద మూత బిగిస్తే ఆవిరికి తడిసి ముద్దవుతుంది. వండిన రెండు గంటల్లో తినేయాలి, ఎండ ఎక్కువుంటే గంటలోపే. కుర్మానే కావాలంటే దుంపలు, మసాలా ఐసు పెట్టెలో పెట్టుకుని అక్కడే గ్యాసు పొయ్యి మీద కలపండి.

కుర్మా బల్ల మీద గట్టిపడిపోతోంది.

దుంపలోని పిండి రసాన్ని పీల్చుకుంటూనే ఉంటుంది. దింపేటప్పుడు మీకు కావలసినదానికన్నా కొంచెం పలుచగా ఉంచండి. సన్నటి సెగ మీద ఆవిరి వస్తూ ఉండాలి, మధ్యలో చిక్కబడితే మరిగే నీళ్ళే పోయాలి. చన్నీళ్ళు పోస్తే రుచి తేలిపోతుంది, వేడీ పడిపోతుంది.

నవంబరు వానలకు కరెంటు పోతే ఫ్రిజ్‌లోని దుంపల సంగతి?

తలుపు తెరవకుండా ఉంచితే దాదాపు నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుంది. అంతకు మించితే దుంపను, మసాలాను వాడవద్దు. తుఫాను హెచ్చరిక ఉన్న రోజుల్లో ముందు రోజు ఉడికించే పని పెట్టుకోకపోవడమే క్షేమం.

చక్కెర వ్యాధి ఉన్న పెద్దవాళ్ళకు చల్లార్చిన దుంప మంచిదంటున్నారు?

ఉడికించి చల్లార్చిన దుంపలో కొంత పిండి త్వరగా అరగని రూపానికి మారుతుంది, నిజమే. ఆ మార్పు కొద్దిపాటిదే, దాన్ని నమ్మి రెండు గరిటెలు వేయకండి. వాళ్ళకు ఒక ఆకుకూరో చిక్కుడుకాయో పక్కన చేసి పెట్టండి.

## మిగిలినప్పుడు

కుర్మా చాలా మిగిలింది. రేపటికి ఉంచవచ్చా?

ఎప్పటి నుంచి బయట ఉందో ముందు గుర్తు చేసుకోండి. రెండు గంటల పైన బల్ల మీద ఉంటే ఉంచవద్దు, ఇంటికి వెళ్ళేవాళ్ళకు డబ్బాల్లో కట్టి ఇవ్వవద్దు. పొయ్యి మీద పొగలు కక్కుతూనే ఉన్న గుండిగలోదైతే చిన్న గిన్నెల్లోకి మార్చి, చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు కావలసినంతే తీసి బాగా మరిగించి తినండి, రెండోసారి వేడి చేసినది మిగిల్చకండి. అన్నదానానికి ఇవ్వాలనుకుంటే వడ్డన మొదలవకముందే విడిగా తీసి వేడిగా పంపండి.

కలపని ఉడికిన దుంపలు మిగిలాయి.

అవి ఫ్రిజ్‌లో ఉన్నాయి కాబట్టి చింతే లేదు. పరాఠాలకు, కట్లెట్లకు, మసాలా దోసెకు సరిపోతాయి. చల్లటి దుంపను ముక్కలు కోసి కొద్దిపాటి నూనెలో ఎర్రగా వేయించి, నెల్లూరు కారం దోసెకు రాసే ఎర్రకారం ఒక చెంచా పట్టిస్తే సాయంత్రానికి మంచి చిరుతిండి అవుతుంది. ఉడికించిన రోజు నుంచి మూడు రోజుల్లో వాడేయండి.